చలికి బండి యేల: ఒక ఆటవెలదికి నాందేడ్ వ్యాఖ్య

మూలం

చలికి బండి యేల చమురెక్కువగ తాగు
ఇంజనందు నీళ్ళకింత వేడి
పట్టకున్న తాను బ్యాటరి నమ్మునే
చిన్న దూరమైన చిల్లు జేబు

అవతారిక

దీపావళి టపాసుల వాసన పోయిందో లేదో, గోదావరి మీదుగా నాందేడ్‌లోకి సన్నని చలి దిగుతుంది. మరాఠీవాళ్ళు దానికి గులాబీ థండీ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 12, 13 డిగ్రీలుంటుంది. గట్టిగా పట్టిన రోజుల్లో 10కి దిగువకూ జారుతుంది. పెట్టెల్లోంచి స్వెటర్లు బయటికొస్తాయి. హైబ్రిడ్ కారున్న ఇళ్ళలో వాటితోపాటే ఒక ధర్మసందేహం కూడా బయటికొస్తుంది. దసరాకు లీటరుకు ఇరవై పైన చూపించిన స్క్రీను సంక్రాంతికి పదిహేడు దగ్గర ఆగిపోయిందేం? బంకులో కల్తీ జరిగిందా, సర్వీసింగులో ఏమైనా మార్చారా, లేక ఇంజనుకే జలుబు చేసిందా?

ఈ సందేహం మీద పుట్టిందే పై ఆటవెలది. దీన్ని ఏ తాళపత్రంలోనూ వెతకనక్కర్లేదు. వ్యాఖ్యానం రాద్దామని కూర్చున్నవాడికి మూలం దొరక్క తానే నాలుగు పాదాలు అల్లుకున్నాడు. కవీ వ్యాఖ్యాతా ఒక్కడే కావడంలో ఒక సుఖముంది: కవిహృదయం ఇది కాదని ఎదురు చెప్పేవాడు ఉండడు.

టీకా రాయడానికి ఈ ప్రాంతం తక్కువదేమీ కాదు. నాందేడ్ నుంచి దెగ్లూరు మీదుగా హైదరాబాదుకు పోయే 161వ జాతీయ రహదారి పట్టి, సంగారెడ్డి చేరకముందే మెదక్ వైపు మళ్ళితే కొల్చారం వస్తుంది. కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది ఆ ఊరే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ వ్యాఖ్యాత ఆ ఒట్టులో మొదటి సగం పాటించడానికి సిద్ధం. రెండో సగం పత్రికలవాళ్ళకు కుదిరేది కాదు.

పాఠకులకూ కొదవ లేదు. 1956 నవంబరు 1న బొంబాయి రాష్ట్రంలో కలిసేదాకా నాందేడ్ హైదరాబాదు రాష్ట్రంలో ఒక జిల్లా. దెగ్లూరు, బిలోలి, ధర్మాబాదు, కిన్వట్ తాలూకాల్లో ఇవాళ్టికీ ఎన్నో ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు. బజారులో మరాఠీ, బేరంలో ఉర్దూ, ఇంట్లో తెలుగు. కారు మైలేజీ మీద విసుక్కోవడం మాత్రం మూడు భాషల్లోనూ జరుగుతుంది.

ప్రతిపదార్థం

చలికి అంటే ఎంత చలికి? సగం వ్యాఖ్యాతలు ఈ మొదటి మాట దగ్గరే దారి తప్పారు. చలిలో హైబ్రిడ్ల గురించి లోకంలో ఉన్న రాతలన్నీ దాదాపుగా మంచుదేశాల్లో పుట్టినవి. అమెరికా ఇంధన శాఖ లెక్క ఒకటి అందరి నోటా తిరుగుతుంటుంది. 25 డిగ్రీల హాయి వాతావరణంతో పోలిస్తే సున్నాకు దిగువన 7 డిగ్రీల చలిలో మామూలు పెట్రోలు కారు మైలేజీ ఊళ్ళో తిరుగుళ్ళకు 15 శాతం పడిపోతుంది, మరీ చిన్న ప్రయాణాలైతే 24 శాతం దాకా. హైబ్రిడ్‌కు ఆ దెబ్బ 30 నుంచి 34 శాతం. ఈ ఆఖరి అంకె చూసి నాందేడ్‌లో ఎవరైనా కంగారు పడితే, ఆ చలి ఎక్కడిదని ముందు అడగాలి. సున్నాకు దిగువన 7 డిగ్రీలు నాందేడ్ ఎరగదు. పక్కనున్న ఆదిలాబాద్ జిల్లాలో కొన్ని తెల్లవారుజాములు 5, 6 డిగ్రీలకు దిగితేనే మర్నాటి తెలుగు పేపర్లో చలిమంట ఫొటో మొదటి పేజీకెక్కుతుంది. ఇక్కడి సిక్కుల తఖ్త్ హజూర్ సాహిబ్ దర్శనానికి జనవరిలో పంజాబు నంబరు ప్లేట్లతో వచ్చే ఇన్నోవాల డ్రైవర్లు ఇక్కడి చలిలో ఒంటిచొక్కాతో తిరుగుతారు. కాబట్టి ఇక్కడ చలి అనే మాటకు పన్నెండు డిగ్రీల చలి అనే అర్థం చెప్పుకోవాలి. అంతకు మించి లాగితే అతివ్యాఖ్య.

బండి అంటే ఇక్కడ హైబ్రిడ్ కారు. ఎద్దునూ గుర్రాన్నీ ఒకే కాడికి కట్టి, ఎప్పుడు ఏది లాగాలో చెప్పడానికి ఒక లెక్కల మాస్టారిని నొగ మీద కూర్చోబెట్టిన వాహనం. పెట్రోలు ఇంజనునూ కరెంటు మోటారునూ ఒకే బండిలో పెట్టే ఆలోచన కొత్తదేం కాదు, ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే చేసి చూపించాడు. జనం కొనుక్కునే వస్తువుగా దాన్ని మార్చింది 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్. మన రోడ్ల మీద అసలైన హైబ్రిడ్లు నాలుగు కనిపించడం 2022 నుంచి మొదలైంది. హోండా సిటీ, టొయోటా హైరైడర్, దాని తోబుట్టువు మారుతి గ్రాండ్ విటారా ఆ ఏడాదివే. ఇన్నోవా హైక్రాస్ కూడా ఆ ఏడాది చివర్లోనే బయటపడింది. హైరైడర్‌లో ఉన్నది 1.5 లీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను. దాని లిథియం బ్యాటరీలో పట్టే కరెంటు 0.76 కిలోవాట్ అవర్లు, అంటే ఇంటి మీటరు లెక్కన ముప్పావు యూనిటు. ఆ కాస్త కరెంటుతో కారు మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు పోతుంది. కరెంటు కారు కొన్నామని పొరబడేవాళ్ళు ఈ ముప్పావు యూనిటును గుర్తు పెట్టుకోవాలి. ఆ బ్యాటరీలోకి వచ్చే కరెంటంతా చివరికి పెట్రోలులోంచి పుట్టిందే. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయేదాన్ని పట్టి దాచడంలోనూ, ఇంజను అక్కర్లేని చోట దాన్ని ఆపి కూర్చోబెట్టడంలోనూ ఉంది హైబ్రిడ్ గొప్పతనం.

ఆపి కూర్చోబెట్టడం అన్న మాట దగ్గర పాఠకుడు వేలు పెట్టి ఉంచుకోవాలి.

చమురెక్కువగ తాగడానికి కారణాలు చాలానే ఉన్నాయి. చల్లారిన ఆయిలు చిక్కబడి పిస్టన్లను పట్టుకుంటుంది. చల్లని గోడలకు తగిలిన పెట్రోలు సరిగా ఆవిరి కాదు, కాబట్టి కంప్యూటరు ఒక పాలు ఎక్కువే పోయిస్తుంది. పొగగొట్టంలో ఉండే కెటలిటిక్ కన్వర్టరు రెండు మూడు వందల డిగ్రీలకు చేరితే తప్ప విషవాయువులను విరగ్గొట్టదు, కాబట్టి దాన్ని వేడిచేయడానికే ఇంజను కాసేపు తిరుగుతుంది. గాలి కూడా చిక్కబడుతుంది. 35 డిగ్రీల గాలి కంటే 12 డిగ్రీల గాలి బరువు 8 శాతం ఎక్కువ, దాన్ని చీల్చుకుంటూ దెగ్లూరు రోడ్డున నూటికి దగ్గరగా పోయే కారుకు ఆ తేడా తెలుస్తుంది. ఊళ్ళో ముప్ఫై మీద పోయేవాడికి తెలియదు.

ఇంజనందు నీళ్ళకింత వేడి పట్టకున్న: పద్యానికి గుండెకాయ ఇక్కడుంది. ఇంజను చుట్టూ తిరిగే కూలెంటును జనం నీళ్ళనే అంటారు గనుక కవి కూడా అలాగే అన్నాడు. ఆ నీళ్ళు 70, 80 డిగ్రీలకు చేరితే కంప్యూటరుకు ధైర్యం వస్తుంది, అక్కడి నుంచి సిగ్నలు దగ్గరా పల్లంలోనూ ఇంజనును హాయిగా ఆపేస్తుంది. అందాకా ఆపదు, ఆపినా వెంటనే లేపుతుంది.

తరోడా నాకా దగ్గర జనవరి పొద్దున్న ఏడింటికి ఈ తంతును కళ్ళారా చూడొచ్చు. బటన్ నొక్కగానే రెడీ దీపం వెలుగుతుంది, చప్పుడుండదు. యజమాని మురిసేలోపు, కొన్ని సెకన్లకే ఇంజను గొంతు సవరించుకుని లేస్తుంది. కారు రాజ్ కార్నర్ చేరుతుంది, ఎర్రదీపం పడుతుంది, ఇంజను తిరుగుతూనే ఉంటుంది. అద్దం కింది తెరలో బాణాలు ఇంజను నుంచి చక్రానికీ బ్యాటరీకీ పోతుంటాయి. ఈవీ అని పచ్చగా వెలగాల్సిన అక్షరాలు వెలగవు. శ్రీనగర్ దాటుతుంది, ఐటీఐ చౌరస్తా వస్తుంది, అప్పుడు మొదటిసారి ఇంజను ఆగుతుంది. యజమాని దిగాల్సిన బ్యాంకు ఆ పక్క సందులోనే. దిగి తాళం వేస్తాడు. అంతసేపూ పెట్రోలు పోసి కాచిన నీళ్ళు పార్కింగులో తీరిగ్గా చల్లారతాయి. సాయంత్రం మళ్ళీ మొదటికి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. నీళ్ళు 80కి చేరాలి. నాందేడ్ జనవరి ఉదయం 12 నుంచి మొదలైతే ఎక్కాల్సింది 68 మెట్లు. అక్టోబరులో 25 నుంచి మొదలైతే 55. మే నెల ఉదయం 30 దగ్గర మొదలైతే 50. కెనడాలోని ఎడ్మంటన్‌లో ఒక మోస్తరు చలి ఉదయం సున్నాకు దిగువన 25 నుంచి మొదలైతే 105. ఎడ్మంటన్ తెలుగువాడికి చలే ప్రధాన శత్రువన్నది ఈ అంకెల్లోనే కనిపిస్తోంది. నాందేడ్‌వాడి సంగతి వేరు. మే నెలలోనూ ఇతగాడు ప్రతి స్టార్టుకూ యాభై మెట్లు ఎక్కుతూనే ఉన్నాడు, జనవరిలో పైన పద్దెనిమిది కలిశాయి అంతే. చలి వేసిన అదనపు పన్ను అంత వరకే. అసలు పన్ను, చల్లారిన ఇంజనును రోజుకు ఎన్నిసార్లు లేపుతున్నాడన్న దాని మీద పడుతోంది.

ఇంకో వింత. ఈ ఇంజన్లు తయారుచేసినవాళ్ళు పెట్రోలులోని శక్తిని దాదాపు 40 శాతం దాకా పనిలోకి మార్చగలిగారు. వృథా వేడి తగ్గింది. వృథా వేడి తగ్గితే నీళ్ళు కాగడం ఆలస్యమవుతుంది, పైగా మధ్యమధ్య ఆగే ఇంజను ఆగిన ప్రతిసారీ కాస్త చల్లారుతుంది. పాత అంబాసిడరు పెట్రోలు తగలేసి తొందరగా వేడెక్కేది. పొదుపరికి చలి ఎక్కువ.

టొయోటావాళ్ళకు ఇది మొదట్లోనే తెలుసు. 2003లో వచ్చిన రెండో తరం ప్రియస్‌లలో అమెరికాలో అమ్మినవాటికి ఒక ఫ్లాస్కు పెట్టారు. అక్షరాలా ఫ్లాస్కే. ఇంజను ఆపగానే మూడు లీటర్ల వేడి కూలెంటు అందులోకి పోయి దాక్కుంటుంది, మూడు రోజుల దాకా వేడిగా ఉంటుంది, మళ్ళీ స్టార్టు చేసేముందు ఇంజను తలకు ఆ వేడినీళ్ళే తగులుతాయి. మూడో తరానికి వచ్చేసరికి ఫ్లాస్కు తీసేసి, పొగగొట్టంలో వృథాగా పోయే వేడిని పట్టి నీళ్ళకిచ్చే ఏర్పాటు చేశారు. ఇంజనీరింగు మాట ఎలా ఉన్నా, ఫ్లాస్కు ఆలోచనకు వ్యాఖ్యాత ఓటు వేస్తాడు.

తాను బ్యాటరి నమ్మునే: ఈ కాకువును, అంటే నమ్మదు అనే ధ్వనిని, జాగ్రత్తగా పట్టుకోవాలి. చల్లని బ్యాటరీ లోపల కరెంటుకు అడ్డం పెరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు వచ్చే కరెంటును అది గబగబా మింగలేదు, ఇవ్వమన్నప్పుడు గబగబా ఇవ్వలేదు. అందుకే రాత్రంతా బయట నిలబడ్డ కారులో ఈవీ బటన్ నొక్కితే, ఇప్పుడు కుదరదు అనే సందేశం వస్తుంది. అయితే ఇది గట్టిగా వర్తించేది సున్నా చుట్టుపక్కలకు వెళ్ళినప్పుడు. లంబసింగి దాకా కారులో పోయి మంచు చూస్తూ ఆరుబయట రాత్రి గడిపేవాళ్ళు ఒక పొద్దున్న ఈ అనుభవం పొందొచ్చు. పన్నెండు డిగ్రీల నాందేడ్‌లో బ్యాటరీ మీద నింద వేయడం అన్యాయం. ఇక్కడ ఇంజను బ్యాటరీని నమ్మకపోవడానికి కారణం బ్యాటరీలో లేదు, తన నీళ్ళలో ఉంది. కవి రెండో పాదాన్ని మూడో పాదానికి ముందు పెట్టడంలో ఔచిత్యం ఇదేనని వ్యాఖ్యాత గట్టిగా చెబుతున్నాడు, కవితో మాట్లాడే చెబుతున్నాడు.

చిన్న దూరమైన చిల్లు జేబు: అన్వయం చెప్పాలా? తరోడా నాకా నుంచి పాల ప్యాకెట్టుకు ఒకసారి, పిల్లను బడిలో దింపడానికి ఒకసారి, మర్చిపోయిన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి మరోసారి. ప్రతిసారీ ఒకటి రెండు కిలోమీటర్లు. ఒక్కసారి కూడా నీళ్ళు కాగవు. ఈ ఇల్లు హైబ్రిడ్ కొన్నది, హైబ్రిడ్‌గా ఒక్క కిలోమీటరు కూడా తిరగలేదు.

శంకలు, సమాధానాలు

షోరూములో లీటరుకు 27.97 అన్నారు కదా, అది అబద్ధమా అని ఒక పూర్వపక్షం. అబద్ధం కాదు. హైరైడర్‌కూ గ్రాండ్ విటారాకూ ఆ అంకె, హైక్రాస్‌కు 23.24, ఇవి దేశంలో అమలులో ఉన్న పరీక్షా పద్ధతిలో వచ్చినవే. ఆ పరీక్ష గదిలో జరుగుతుంది, రోలర్ల మీద, 20, 30 డిగ్రీల మధ్య. తిరిగేది 11 కిలోమీటర్ల లోపు, సగటు వేగం 32 చిల్లర, గరిష్ఠ వేగం 90. ఏసీ ఉండదు, హీటరు ఉండదు, పక్కన ఆటో అడ్డం రాదు, వజీరాబాదు బజారు ఉండదు. మూలంలో ఈ అంకె లేదు కాబట్టి వ్యాఖ్యాత దీన్ని ఇక్కడితో వదిలేస్తున్నాడు.

పొద్దున్నే ఇంటి ముందు పది నిమిషాలు ఇంజనును తిరగనిస్తే వేడెక్కదా అని రెండో శంక. వేడెక్కుతుంది, తీరిగ్గా. నిలబడ్డ కారు మైలేజీ లీటరుకు సున్నా. బండిని నెమ్మదిగా నడిపిస్తూ కాగనివ్వడమే చవక, నడుస్తుంటే వేడీ తొందరగా పుడుతుంది, దూరమూ కలిసివస్తుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్లు యాక్సిలరేటరు మీద కాలు బరువు తగ్గిస్తే చాలు. స్కూటరును చోక్ వేసి రేజ్ చేసిన తరానికి ఈ మాట ఎక్కడం కష్టమని వ్యాఖ్యాతకు తెలుసు.

హీటరు సంగతి? ఇక్కడ సమాధానం కొంచెం పెద్దది, ఎందుకంటే నాందేడ్‌లో ఎవరూ అనుమానించని దొంగ ఇక్కడున్నాడు. కారు హీటరులోంచి వచ్చే వెచ్చని గాలి కొత్తగా పుట్టింది కాదు, ఇంజను నీళ్ళలోని వేడే. మామూలు కారులో ఇంజను ఎలాగూ తిరుగుతుంటుంది, ఆ వేడి ఉచితం. హైబ్రిడ్‌లో ఇంజను ఆగి ఉండాల్సిన వేళ కూడా క్యాబిన్‌కు వేడి పంపడం కోసం లేచి తిరుగుతుంది. మేమెప్పుడూ హీటరు వెయ్యలేదే అంటారు నాందేడ్‌వాళ్ళు. నిజమే, వాళ్ళు వెయ్యలేదు. మే నెలలో 26 దగ్గర పెట్టి ఆటో బటన్ నొక్కి వదిలేసిన ఏసీ, జనవరి పొద్దున్న లోపల 13 డిగ్రీలు చూసి 26కు తెద్దామని తనంతట తానే హీటరయింది. చలికాలం ఉదయాల్లో ఆ అంకెను 20కి దించడమో, మొదటి పది నిమిషాలు ఆపేసి శాలువా కప్పుకోవడమో ఏ ఖర్చూ లేని పని. గోదావరి ఒడ్డున పొగమంచు పట్టి అద్దం మసకబారినప్పుడు మాత్రం ముందద్దపు డీఫాగరు వేయాల్సిందే. ఏసీ కంప్రెసరు తిరిగి కొంత కరెంటు పోతుంది, పోనీ. మైలేజీ కోసం అద్దం కనబడకుండా నడపమని ఏ శాస్త్రమూ చెప్పదు.

నాలుగో శంక అమెరికా బంధువుల దగ్గరి నుంచి వస్తుంది. మా వీధిలో ప్రియస్ వాళ్ళు ముందు జాలీకి అట్టముక్క, నురుగు గొట్టాలు అడ్డం పెట్టుకుంటారు, మీరూ పెట్టుకోండి అని. అక్కడ అది పనిచేస్తుంది. గడ్డకట్టే గాలి రేడియేటరుకు తగలకుండా ఆపితే నీళ్ళు త్వరగా కాగుతాయి, 2016 నాటి ప్రియస్‌లో అవసరాన్ని బట్టి మూసుకునే రెక్కలు కంపెనీవాళ్ళే పెట్టారు. నాందేడ్‌లో పొద్దున్న 12 ఉన్నది మధ్యాహ్నానికి 30 అవుతుంది. పొద్దున్న పెట్టిన అట్టముక్కను మధ్యాహ్నం తీయడం మర్చిపోయి హైదరాబాదు దారి పట్టినవాడికి మైలేజీ బదులు మెకానిక్ దొరుకుతాడు. ఇక్కడ నిషిద్ధం. కెనడాలో ఇంజనును రాత్రంతా కరెంటుకు తగిలించి వెచ్చగా ఉంచే బ్లాక్ హీటరు కూడా ఇక్కడ అనవసరమే. నీరెండ పడే చోట బండి పెట్టుకుంటే చాలు, షెడ్డు ఉంటే మరీ మంచిది.

టైర్ల దగ్గర వ్యాఖ్యాత ఏ రాయితీ ఇవ్వడు. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో గాలి సుమారు ఒక పి.ఎస్.ఐ. తగ్గుతుంది. జనవరి మధ్యాహ్నం మూడింటికి, పది కిలోమీటర్లు తిరిగి వేడెక్కిన టైర్లతో పోయి హవా కొట్టించుకున్నవాడికి మర్నాటి తెల్లవారుజామున మూడు నాలుగు పాయింట్లు తక్కువే ఉంటుంది. డ్రైవరు తలుపు చట్రం మీద అంటించిన అంకె చల్లని టైరుకు చెప్పింది. పొద్దున్నే ఇంటికి దగ్గరలో ఉన్న పంక్చరు దుకాణంలో చూపించుకోవాలి. దీపావళి తర్వాత ఒకసారి ఈ పని చేసినవాడికి మిగతా సలహాల్లో సగం అక్కర్లేదు.

ఆయిలు మీద ఒక పాఠాంతరం ఉంది. హైబ్రిడ్లకు కంపెనీ చెప్పేది జీరో డబ్ల్యూ 16, జీరో డబ్ల్యూ 20 రకాల పల్చని ఆయిలు. డబ్ల్యూ అంటే చలికాలం, దాని ముందున్న అంకె ఎంత చిన్నదైతే చలిలో అంత తేలిగ్గా పారుతుంది. చిక్కగా ఉంటే ఇంజనుకు బలమని 20 డబ్ల్యూ 50 పోయించే పాఠం పాత డీజిలు జీపుల కాలంనాటిది. హైబ్రిడ్‌కు దాన్ని పఠించకూడదు.

ఆఖరి శంక పెట్రోలు మీద. అమెరికాలో చలికాలానికి వేరే మిశ్రమం అమ్ముతారు, దానిలో శక్తి ఒక పిసరు తక్కువ. మనకు అలా రుతువును బట్టి నింద వేసే వీలు పెద్దగా లేదు. 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు ఏడాది పొడుగునా అదే. లీటరు ఇథనాలులో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు, కాబట్టి మిశ్రమంలో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. నాందేడ్ చెరకు రైతుకు అది ఆదాయం, నాందేడ్ కారు యజమానికి అది ఖర్చు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటే లెక్క సరిపోతుంది. చలికాలపు తేడాకు మాత్రం దీన్ని సాక్ష్యంగా పిలవకూడదు, వేసవిలో కూడా ఇదే పోశారు.

ఇక్కడ పూర్వపక్షాన్ని తలకిందులు చేసే మాట ఒకటుంది. మే నెలలో 42 దాటే నాందేడ్‌లో ఏసీ తాగే పెట్రోలు జనవరి హీటరు తాగేదానికంటే చాలా ఎక్కువ. మరీ వేడి వాతావరణంలో ఏసీ వల్ల మామూలు కారు మైలేజీ 25 శాతానికి మించి పడిపోవచ్చని, శాతాల లెక్కలో హైబ్రిడ్‌కు దెబ్బ ఇంకా ఎక్కువ ఉండొచ్చని ఆ అమెరికా ఇంధన శాఖే చెబుతుంది. కాబట్టి శీతాకాలపు మధ్యాహ్నం, అద్దాలు దించుకుని, కాగిన ఇంజనుతో విష్ణుపురి వైపు పోయే హైబ్రిడ్‌కు ఏడాదిలో అంతకంటే మంచి రోజులు దొరకడం కష్టం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయినప్పుడు సంతోషించాల్సింది రగ్గులు ఉతికేవాళ్ళే, కారు యజమాని కాదు.

తాత్పర్యం

ఓ యజమానీ, చలి నీ పెట్రోలును కాస్తే తాగింది. ఎక్కువ తాగింది నీ చిన్న చిన్న తిరుగుళ్ళు. పాలూ బడీ బ్యాంకూ కూరగాయలూ ఒకే చుట్టులో పెట్టుకో. ముందు దూరంగా ఉన్న పనికి పో, నీళ్ళు కాగుతాయి. తిరుగు దారిలో దగ్గరి పనులు చూసుకో, అరగంట ఆపినా నీళ్ళు వెచ్చగానే ఉంటాయి, ఇంజను మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కనక్కర్లేదు. కిలోమీటరు లోపు పనికి కారే తీయకు.

ధర్మాబాదుకో దెగ్లూరుకో వారానికి ఒకసారి పోయి వచ్చేవాళ్ళకు ఈ వ్యాఖ్యానంతో పని లేదు. ఎనభై కిలోమీటర్ల దారిలో కాగడానికి పోయే మొదటి ఐదారు కిలోమీటర్లు లెక్కలోకి రావు. వాళ్ళు గంటకు 80 దాటకుండా పోతే చలి ఉందో లేదో స్క్రీనుకు కూడా తెలియదు.

ఇక నాందేడ్ ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు ఒక విన్నపం. రేపు పొద్దున్న టైర్లలో గాలి చూపించండి, ఏసీని 20కి దించండి, ఒక వారం పాటు పనులన్నీ ఒకే చుట్టులో ముగించండి. ట్రిప్ మీటరును సున్నా చేసి మొదలుపెట్టండి, వారం తర్వాత అంకె చూడండి. అప్పటికీ పదిహేడు దగ్గరే నిలబడితే, అది చలి పని కాదు. బండిని సర్వీసు సెంటరుకు తీసుకుపోండి.